నిన్నటిలాంటి ఊపిరి

ఉదయం అయిదు గంటల యాభై రెండు నిమిషాలకు పాలాయన మా గ్రిల్లు తలుపుకు వేలాడే సంచిలో ప్యాకెట్లు వేసి వెళ్లాడు. టైము ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం, ఆ క్షణంలో నేను గోడ గడియారంలో సెకన్ల ముల్లు కేసి చూస్తూ ఉండడమే. మా ఆయన హాల్లో చాప మీద వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ తల మీదికి చాపి, ఊపిరి బిగబట్టి ఉన్నారు. నా అరచెయ్యి ఆయన పొట్ట మీద, పక్కటెముకలు ముగిసే చోట ఉంది. నేను పైకి లెక్కపెడుతున్నాను. పద్నాలుగు దగ్గర సంచి చప్పుడయింది. ఆయన కళ్లు తెరవకుండా చూపుడువేలు ఒక్కటి కదిపారు. ఇరవై అయ్యాక "ఓకే" అన్నాను. ఊపిరి వదిలారు.

"రెండు ప్యాకెట్లే వేశాడు. మూడు వెయ్యమని చెప్పావా, లేదా?" అన్నారు.

వెళ్లి చూశాను. రెండే ఉన్నాయి.

మా ఆయన సినిమాలకు అడుగుల చప్పుళ్లు చేసేవారు. షూటింగు జరిగేటప్పుడు మాటలే సరిగా పడవు, ఇక చెప్పుల చప్పుడు, చీర కుచ్చిళ్ల చప్పుడు, బల్ల మీద గ్లాసు పెట్టిన చప్పుడు ఎక్కడ పడతాయి? అవన్నీ తర్వాత స్టూడియోలో తెర చూసుకుంటూ మళ్లీ చెయ్యాలి. ఆ పనిని మా వాళ్లు ఎఫెక్ట్స్ అంటారు. ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడ కింది అంతస్తులో ఆయన గది ఉండేది. నేల మీద ఒక చోట సిమెంటు, ఒక చోట చెక్క, ఒక చోట పాలరాయి, ఒక మూల ఇసుక తొట్టి. తెర మీద హీరో నడిస్తే ఈయన నడిచేవారు, హీరోయిన్ పరిగెడితే ఈయనే పరిగెత్తేవారు. తెర మీద ఆయన పేరు చివర్లో, జనం లేచి తలుపుల వైపు వెళ్తున్నప్పుడు వచ్చేది.

ఆ గదిలో మైకు ఊపిరిని కూడా పట్టేస్తుంది. అందుకని తలుపు మీద ఎర్రబల్బు వెలిగినంతసేపూ ఆయన ఊపిరి తీసేవారు కాదు. నిండా పీల్చి పడితే ఒళ్లు బిగుసుకుని అడుగు బరువు మారిపోతుందట. సగం వదిలి, అక్కడ ఆపి, అప్పుడు నడిచేవారు. అద్దం అవతల కూర్చున్న ఇంజనీరు "ఓకే" అన్నాకే వదిలేవారు. ఒక్కో అడుగునీ నాలుగైదు సార్లు చేసేవారు. ప్రతిసారీ ముందుసారి కంటే కొంచెం మెరుగ్గా చెయ్యడం ఆ పనిలో అలవాటు.

నేను ఒక డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్‌గా రిటైరయ్యాను. చప్పుడు చెయ్యొద్దని చెప్పడం ఆవిడ ఉద్యోగం, చప్పుడు చెయ్యడం ఆయన ఉద్యోగం అని బంధువులు నవ్వేవారు. మాకు పిల్లలు లేరు. మేమిద్దరమే శ్రీనగర్ కాలనీలో ఒక పాత అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఉండేవాళ్లం.

ఆయనకు ఆకలి తగ్గింది. బెల్టుకు కొత్త రంధ్రం పొడిపించుకున్నారు. స్కానింగులో కాలేయంలో గడ్డ కనిపించింది. తర్వాత పరీక్షల్లో తేలిందేమంటే, ఎప్పుడో చిన్నతనంలో ఒంట్లో చేరిన కామెర్ల వైరస్ ఏళ్ల తరబడి చడీచప్పుడూ లేకుండా లోపలే ఉండి కాలేయాన్ని తినేసింది. గడ్డ దాని మీద పుట్టింది. ఈ సంగతి తెలియని వాళ్లకు మాత్రం వేరే కారణం సిద్ధంగా ఉంది. సినిమా మనిషి, లివరు జబ్బు. ఇంకేం కావాలి?

"ఫీల్డులో ఉన్నాక తప్పదు కదండీ, పార్టీలూ అవీ," అంది పైఫ్లాటావిడ మెట్ల మీద ఆపి.

నేను కోపంతో ఇంట్లోకి వచ్చి చెబితే ఆయన నవ్వారు. "ఆవిణ్ణి ఓ రోజు భోజనానికి పిలువు. మూడు గ్లాసుల మజ్జిగ వరసపెట్టి తాగి చూపిస్తాను. నా తాగుడు కళ్లారా చూసి పోతుంది."

డాక్టరుగారు నడివయసు మనిషి. మాట్లాడుతూ కాగితం మీద బొమ్మ గీసే అలవాటుంది. బొమ్మలు బాగుండవు. కాలేయం వంకాయలా వచ్చింది.

"ఆపరేషన్ కుదరదండీ," అన్నారు. "గడ్డ ఈ పెద్ద రక్తనాళంలోకి పాకింది. కోసి తీసేస్తే మిగిలేది మీకు సరిపోదు. లివరు మార్పిడికి కూడా అదే అడ్డు."

తర్వాత తాను చెయ్యగలిగింది చెప్పారు. మూడు వారాలకొకసారి నరంలోకి ఎక్కించే ఇమ్యునోథెరపీ మందు, దానితో పాటు గడ్డ మీదికి గురిపెట్టి అయిదుసార్లు రేడియేషన్. మన ఒంట్లో కాపలా కాసే కణాలకు ఒక బ్రేకు ఉంటుందనీ, క్యాన్సరు ఆ బ్రేకు మీద కాలు వేసి కూర్చుంటుందనీ, మందు ఆ కాలు తీయిస్తుందనీ అన్నారు.

"అంటే మందు దేన్నీ చంపదు. చంపేవాళ్లని లేపుతుంది," అన్నారు మా ఆయన.

"దాదాపు అంతే. రేడియేషన్ గడ్డని నేరుగా దెబ్బ తీస్తుంది. దెబ్బతిన్న కణాలు విరిగినప్పుడు ఆ ముక్కలు చూసి కాపలా కణాలు శత్రువుని గుర్తుపడతాయని అనుకుంటున్నాం. అనుకుంటున్నాం అంటున్నానండీ. కొందరిలో రెండూ కలిసి బాగా పనిచేశాయి. కొందరిలో లేదు. నయం చేస్తానని నేను చెప్పట్లేదు. మీకు కొంత టైము తేగలనేమో చూస్తాను."

జీవితమంతా పుస్తకాల మధ్య గడిపినదాన్ని. ఎక్కువ చెప్పే వాక్యాన్ని నేను నమ్మను. ఆ రోజు ఆ "అనుకుంటున్నాం" అనే మాట విన్నాక డాక్టరుగారి మిగతా మాటలన్నీ నమ్మాను.

ఇంకో సంగతి చెప్పారు. మనం ఊపిరి తీసినప్పుడల్లా కాలేయం కిందకీ పైకీ జరుగుతుంది, వేలి వెడల్పు కంటే ఎక్కువే. గడ్డ పక్కనే పేగు ఉంది, చుట్టూ మిగిలిన కాస్త మంచి కాలేయం ఉంది. కిరణం పడేటప్పుడు గడ్డ కదలకుండా ఉండాలంటే ఊపిరి ఆపాలి. ప్రతిసారీ ఒకే చోట ఆపాలి. అలా ఆపలేకపోతే గురి చుట్టూ ఇంకొంత మేర కూడా కిరణం పడనివ్వాలి, దానివల్ల మంచి కాలేయం కాలుతుంది, అది కాలకూడదంటే డోసు తగ్గించాలి. తగ్గిస్తే ఫలితమూ తగ్గుతుంది.

మా ఆయన మొహం విచ్చుకుంది. ఆ నెలలో మొదటిసారి. "ఊపిరి పట్టడమా? నలభై ఏళ్లుగా నేను తింటున్న తిండి అదేనండీ," అన్నారు.

ప్లానింగు స్కాను ఆసుపత్రి నేలమాళిగలో. అక్కడ మిషను నడిపే అమ్మాయి సిద్దిపేట వైపు నుంచి వచ్చింది. ఎవరొచ్చినా లేచి నిలబడి పలకరిస్తుంది. మా ఆయన పొట్ట మీద చిన్న డబ్బీ లాంటిది పెట్టింది. ఊపిరితో పాటు అది లేస్తూ దిగుతూ ఉంటే తెర మీద ఒక గీత లేస్తూ దిగుతుంది. ఆ రోజు ఆయన ఎక్కడ ఊపిరి పడితే అక్కడ గీత చుట్టూ పచ్చ పట్టీ గీస్తారు. చికిత్స రోజుల్లో గీత ఆ పట్టీలో ఉంటేనే కిరణం వస్తుంది, దాటితే దానంతట అదే ఆగిపోతుంది.

నేను బయట కుర్చీలో ఉన్నాను. కంట్రోలు గది తలుపు సగం తెరిచే ఉంది. ఆ అమ్మాయి మైకులో చెప్పడం వినిపిస్తోంది.

"ఊపిరి పట్టుండ్రి సార్... ఆఁ, మంచిగున్నది... ఇగ ఇడ్వుండ్రి."

కాసేపు ఏమీ లేదు.

"సార్, ఇడ్వుండ్రి అంటున్న గద! సార్!"

కుర్చీ వెనక్కి తోసిన చప్పుడు, తర్వాత పరుగు. నేనూ లేచాను.

"ఏంది సార్, జర్రంతల పానం తీసిండ్రు! నన్ను భయపెడ్తరా?"

"మీరు ఓకే చెప్పలేదు కదమ్మా," అంటున్నారాయన, ఆయాసపడుతూ.

"ఓకేనా? గీడ ఓకే ఎవలు చెప్తరు సార్?"

"మా దగ్గర ఓకే అంటేనే వదులుతాం. ఇక్కడా తలుపు మీద ఎర్రబల్బు ఉంది మరి."

"మంచిగ దొరికిండ్రు నాకు. సరే సార్, ఓకే, ఓకే, ఓకే. మూడుసార్లు చెప్పిన. ఇగ సాలునా?"

తర్వాత మందు మొదటి విడత ఎక్కించారు. పది రోజులకు రేడియేషన్ మొదటి సిట్టింగు. ఆయన తెల్లారకముందే లేచి గడ్డం గీసుకున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. రికార్డింగుకు వెళ్లేటప్పుడు కూడా ఇంత శుభ్రంగా వెళ్లేవారు కాదు.

లోపలికి వెళ్లిన మనిషి గంటయినా బయటికి రాలేదు. డాక్టరుగారు మేడ మీద నుంచి దిగి లోపలికి వెళ్లారు. మళ్లీ వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఇవాళ ఇవ్వలేకపోయామండీ. గీత ప్రతిసారీ పట్టీ దాటి పైకి పోతోంది. లోపల ఫోటో తీసి చూస్తే లివరు ప్లానులో ఉన్న చోటు కంటే కిందకి ఉంది. ఎల్లుండి మళ్లీ చూద్దాం. అప్పుడూ కుదరకపోతే ప్లాను మార్చాలి."

"మారిస్తే?"

"డోసు తగ్గుతుంది."

మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చారు. ఆ అమ్మాయి వెనకాలే వచ్చింది. ఆమె మొహం ఆయన కంటే దిగాలుగా ఉంది.

"గా దినం ఎంత మంచిగ పట్టిండ్రు సార్! ఇయ్యాల ఏమైంది?"

"ఇవాళ ఇంకా బాగా పట్టానమ్మా. మొదటిసారి కంటే రెండోసారి, రెండోసారి కంటే మూడోసారి. ఒక్కో టేకూ పెంచుకుంటూ పోయాను."

ఆ అమ్మాయి నుదురు కొట్టుకుంది. "పెంచుడెందుకు సార్? మాకు మంచిగ వద్దు. గా దినం ఎట్ల పట్టిండ్రో అట్లనే కావాలె. గంతే. జర తక్కువొద్దు, జర ఎక్కువొద్దు."

ఆయన చివరి గుండీ పెట్టుకున్నారు. "నలభై ఏళ్లలో నన్ను నిన్నటిలాగే చెయ్యమని ఒక్కరూ అడగలేదమ్మా," అన్నారు.

చెక్‌పోస్టు దగ్గర ఆటో చాలాసేపు ఆగిపోయింది. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదుటి బస్సు వెనక భాగం చూస్తూ కూర్చున్నారు. జబ్బు బయటపడ్డ రోజు కూడా ఆయన ఇలా కూర్చోలేదు. తన పని వల్లే, తనకు వచ్చిన పని వల్లే, చేతికొచ్చిన టైము పోతుందేమో అనే భయం ఆయనకు పట్టింది. నాకూ పట్టింది.

"ఆ రోజు ఏం చేశానో గుర్తులేదోయ్," అన్నారు యూసఫ్‌గూడ దాటాక. "భయంలో చేశాను. తెలీకుండా చేసినదాన్ని తెలిసి మళ్లీ ఎలా చెయ్యను?"

ఇంటికి వచ్చి అన్నం తినలేదు. సాయంత్రం చెప్పుల బీరువా తెరిచారు. మా ఇంట్లో పుస్తకాల బీరువాలు నావి, చెప్పుల బీరువా ఆయనది. పోలీసు బూట్లు, పెళ్లికూతురి చెప్పులు, చెక్క పావుకోళ్లు, మడమ అరిగిన ఆఫీసు బూట్లు. చాలావరకు టోలిచౌకిలో పాతవి అమ్మే కొట్లలో ఏరుకొచ్చినవే. కొత్త చెప్పుకు చప్పుడుంటుంది గానీ మనిషి ఉండడు అనేవారు. అందులోంచి ఒక తోలు చెప్పుల జత తీసి వేసుకున్నారు. బాల్కనీలో సిమెంటు మీద నిలబడ్డారు.

"ఇలా రా. పొట్ట మీద చెయ్యి పెట్టు."

పెట్టాను. కింద పార్కింగులో ఎవరో కారు తుడుస్తూ పైకి చూశారు. నాకు సిగ్గేసింది, అయినా చెయ్యి తియ్యలేదు.

"ముసలాయన. ఇనప గేటు తీసుకుని లోపలికొస్తున్నాడు. మొదటి అడుగు వెయ్యబోతున్నాడు," అన్నారు.

నా చేతి కింద పొట్ట లోపలికి దిగి, ఒక చోట ఆగింది. గట్టిగా లేదు. మెత్తగా ఆగింది. ఆయన అడుగు వేశారు. నిజంగానే అది వేరెవరి అడుగో.

"మళ్లీ," అన్నాను.

మళ్లీ అక్కడే ఆగింది. నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ నా అరచెయ్యికి ఒకే చోటు తగిలింది. ఆ రోజు స్కానులో ఆయన ఊపిరి పట్టాలని పట్టలేదు. ఎర్రబల్బు చూసి, అడుగు వెయ్యడానికి ముందు ఒళ్లు దానంతట అది ఎలా ఆగుతుందో అలా ఆగింది. మొదటి సిట్టింగు నాడు మాత్రం ఊపిరి పట్టడమే పనిగా పెట్టుకుని పట్టారు.

చెప్పులు విప్పించి చాప మీద పడుకోబెట్టాను. పడుకుంటే మొదట్లో దొరకలేదు. "గేటు తియ్యండి," అన్నాను. నవ్వు ఆపుకోలేక మొత్తం వదిలేశారు. మళ్లీ మొదలుపెట్టాం. నిద్రపోయే వేళకు పదిలో ఎనిమిది సార్లు నా చెయ్యి ఆ చోటు పట్టుకోగలిగింది. మర్నాడు, ఆ పై రోజు తెల్లవారుజామునా అదే పని. పాలాయన రెండు ప్యాకెట్లే వేసి వెళ్లింది ఆ పై రోజే, మళ్లీ ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు.

ఆసుపత్రిలో మొదటి రెండు ప్రయత్నాలూ కుదరలేదు. నేను బయట కూర్చుని వింటున్నాను. ఆ అమ్మాయి గబగబా లెక్కపెడుతోంది. లోపలి నుంచి ఆయన గొంతు స్పీకర్లో వినిపించింది.

"అమ్మా, నీ లెక్క రైలు బండిలా ఉంది. నా అడుగు పడట్లేదు. మా ఆవిణ్ణి పిలవగలవా?"

"ఆంటీనా? గీడికా? గట్ల పిలిస్తే నా నౌకరీ పోతది సార్."

ఆమె డాక్టరుగారికి ఫోను చేసింది. ఆయన ఏమన్నారో నాకు వినపడలేదు. ఆ అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చి, "రాండ్రి ఆంటీ. దేన్నీ ముట్టకుండ్రి. గీ ఒక్క బటన్ నేను నొక్కినప్పుడు మాట్లాడుండ్రి," అంది.

తెర మీద మా ఆయన చిన్నగా కనిపిస్తున్నారు, చేతులు తల మీద పెట్టుకుని, ఎవరో తనని పోలీసులకు పట్టిచ్చినట్టు. గీత లేస్తూ దిగుతూ ఉంది. మైకు దగ్గరికి వంగడానికి జంకాను. కాలేజీలో నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టినదాన్ని.

"గేటు తియ్యండి," అన్నాను మైకులో.

ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. గీత కిందకి దిగి, పచ్చ పట్టీలోకి వచ్చి, ఆగింది.

"ఒకటి," అన్నాను. "రెండు."

తెర మీద ఒక దీపం వెలిగింది. కిరణం వస్తోందని ఆ అమ్మాయి వేలితో చూపించింది. నేను గీత కేసి చూస్తూ, ఇంట్లో ఎలా లెక్కపెట్టానో అలాగే లెక్కపెట్టాను. గీత కదల్లేదు. ఇరవై దగ్గర "ఓకే" అన్నాను. ఆయన వదిలారు. మళ్లీ మొదలు. ఆ రోజు ఎన్ని ఇరవైలు లెక్కపెట్టానో తెలియదు. చివరికి ఆ అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసి, "అయిపోయింది ఆంటీ. మీకు గీడ నౌకరీ ఇప్పిస్త, వస్తరా?" అంది.

మిగతా నాలుగు సిట్టింగులకూ నన్ను లోపలికి రానిచ్చారు. అది నిబంధన ప్రకారం జరిగిందో లేదో నాకు తెలియదు. అడగలేదు.

తర్వాతి నెలలు తేలికగా గడవలేదు. నీరసం ఉండేది. మందు వల్ల ఒళ్లంతా దురద పుట్టింది. థైరాయిడ్ మందగించి, దానికో మాత్ర తోడయింది. కాపలా కణాల బ్రేకు తీసేస్తే అవి అప్పుడప్పుడూ మన మీదే పడతాయని డాక్టరుగారు ముందే చెప్పారు. "లేపడం తేలికే, పడుకోబెట్టడమే కష్టం," అని మా ఆయన వీపు గోక్కుంటూ అనేవారు. కానీ మూడో నెల స్కానులో గడ్డ చిన్నదయింది. రక్తనాళంలోకి పాకిన భాగం ముడుచుకుపోయింది. డాక్టరుగారు మళ్లీ వంకాయ గీసి, అందులో చిన్న చుక్క పెట్టి చూపించారు. ఆ కాగితం అడిగి తెచ్చుకున్నాను.

అలా మాకు పంతొమ్మిది నెలలు వచ్చాయి.

వాటిలో ఏం చేశామని ఎవరైనా అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. తీర్థయాత్రలకు వెళ్లలేదు. సాయంత్రాలు ఫిల్మ్‌నగర్ సందుల్లో నడిచేవాళ్లం. పేరున్న హీరో ఇంటి గేటు ముందు ఫోన్లు పట్టుకుని నిలబడే కుర్రాళ్ల పక్క నుంచి వెళ్తుంటే, వాళ్లంతా గేటు లోపలికి చూస్తుంటే, ఈయన వాళ్ల చెప్పుల కేసి చూసేవారు. వెనక నడిచే మనిషిని తిరిగి చూడకుండా "ఈయనకి ఎడమ మోకాలు నొప్పి" అనేవారు. నేను తిరిగి చూసేదాన్ని. నిజంగానే కుంటుతూ ఉండేవాడు.

ఒక సినిమాకు పని కూడా చేశారు. కోర్టు వరండాలో ఒక ముసలావిడ ఒంటరిగా నడిచే సీను. ఇంజనీరు నన్ను అద్దం ఇవతల కూర్చోబెట్టుకున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన పని చేస్తుండగా నేను చూడడం అదే మొదటిసారి. ఎర్రబల్బు వెలిగింది. ఆయన సగం ఊపిరి వదిలి ఆగారు. నా అరచెయ్యికి ఆ చోటు ఇంత దూరం నుంచీ తెలిసింది. జబ్బు రాకపోతే నేను ఆ గదిలోకి ఎప్పటికీ వెళ్లేదాన్ని కాదేమో.

ప్రతి మూడు నెలలకూ జరిగే స్కానులో కూడా ఊపిరి పట్టాలి. అందుకని పొద్దున్నే ఇరవై లెక్కపెట్టడం మానలేదు. పాల చప్పుడు కాగానే చాప పరిచేదాన్ని. స్కాను లేని రోజుల్లో కూడా. అది అవసరమేనా అని మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

పదిహేడో నెలలో ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి. కాలేయంలో గడ్డ మాత్రం అలాగే అణిగి ఉంది. మందు మార్చారు. కొత్తది పనిచెయ్యలేదు. డాక్టరుగారు ఆ మాట కూడా తిన్నగానే చెప్పారు.

పొద్దుటి లెక్క ఇరవై నుంచి పదిహేనుకు వచ్చింది. ఆయన మొహంలో ఓటమి చూడడం నాకు ఇష్టం లేకపోయింది. ఒక రోజు లెక్క కొంచెం తొందరగా పెట్టాను. మర్నాడు ఇంకొంచెం. ఇరవై దాకా వచ్చాం. "ఓకే" అన్నాను, సంతోషంగా.

ఆయన ఊపిరి తీసుకుని, కళ్లు తెరిచారు. "స్పీడు పెంచావ్."

"లేదే."

"ఏమోయ్, నలభై ఏళ్లు టైమింగు మీద బతికినవాణ్ణి. నాకా ఈ వేషాలు?" నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది. అది తగ్గాక అన్నారు, "మామూలుగా లెక్కపెట్టు. ఎంతొస్తే అంత."

ఆ రోజు నుంచి మామూలుగానే లెక్కపెట్టాను. తొమ్మిది వచ్చిన రోజు తొమ్మిది దగ్గరే "ఓకే" అన్నాను. ఆరు వచ్చిన రోజు ఆరు దగ్గర. చలి తగ్గుతున్న రోజుల్లో, మా ఇంట్లోనే, మధ్యాహ్నం పూట ఆయన పోయారు. నా చెయ్యి పొట్ట మీదే ఉంది.

పత్రికలో ఎవరో నాలుగు వాక్యాలు రాశారు. క్యాన్సరుతో వీరోచితంగా పోరాడారని అందులో ఉంది. రాసినవాళ్లది మంచి మనసే. కానీ నేను చూసింది వేరు. ఆయన వాళ్లు చెప్పిన చోట పడుకున్నారు, చెప్పినంతసేపు కదలకుండా ఉన్నారు, నిన్న ఎలా చేశారో ఇవాళ అలాగే చెయ్యడం నేర్చుకున్నారు. అరవై దాటాక, తన పనికి పూర్తిగా విరుద్ధమైనదాన్ని నేర్చుకున్నారు.

పదకొండో రోజున ఆ సిద్దిపేట అమ్మాయి వచ్చింది. చెప్పుల బీరువా చూసి, "ఆంటీ, గిన్ని చెప్పులా!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అన్నం తిన్నాక చెప్పింది. ఇప్పుడు కొత్తగా వచ్చిన పేషెంట్లకు మొదటి రోజే చెబుతోందట, మంచిగ పట్టొద్దు, ఒక్క తీరుగ పట్టుండ్రి అని. లెక్క నెమ్మదిగా పెడుతోందట. చివర్లో ఓకే అంటోందట. "ఓకే ఎందుకంటవ్ అని అందరు అడుగుతున్నరు ఆంటీ. మా సార్ నేర్పిండు అని చెప్తున్న."

నేను ఆమెకు రుణపడి ఉన్నాను. "అనుకుంటున్నాం" అన్న డాక్టరుగారికీ. వాళ్లతో పాటు నాకు మొహాలు తెలియని కొందరికి కూడా. మా కంటే ముందు ఎక్కడో, ఈ రెండు చికిత్సలూ కలిపి ఇస్తే ఏమవుతుందో ఎవరికీ సరిగా తెలియనప్పుడు, సరే నా మీద చూడండి అని సంతకం పెట్టినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎంతమంది మిగిలారో నాకు తెలియదు. మా పంతొమ్మిది నెలలు వాళ్ల చేతి మీదుగా వచ్చాయి.

చెప్పుల బీరువా స్టూడియోకు ఇచ్చేశాను. ఆ తోలు చెప్పుల జత మాత్రం ఉంచుకున్నాను. పాలు ఇప్పుడు ఒక్క ప్యాకెట్టే, ఆరుకు కొంచెం ముందే వస్తాయి. చాప చుట్టి పుస్తకాల బీరువా వెనక పెట్టాను. మా ఇంట్లో ఇప్పుడు పొద్దున్నే ఎవరూ ఇరవై దాకా లెక్కపెట్టరు.